చొక్కాల బల్ల దగ్గరి మంత్రం

అత్త లేని కోడలు ఉత్తమురాలు, కోడలు లేని అత్త గుణవంతురాలు అన్నవాళ్లెవరో గాని, ఈ ఇంటి గడప తొక్కి ఉండరు. ఈ ఇంట్లో అత్తల దగ్గర నుంచి కోడళ్లకు వచ్చే ఆస్తి ఒకటుంది. నగ కాదు, నట్ర కాదు, నేల కాదు. నాలుగు వాక్యాల మంత్రం. కూతుళ్లకు ఇవ్వరు. కూతురికి తల్లి ఎలాగూ ఉంది, తల్లిని వదిలి వచ్చిన పిల్లకే ఇంకో తల్లి కావాలి అని దాని వెనకున్న ఆలోచన. అది ఎవరి బుర్రలో పుట్టిందో తెలియదు గాని, కాదనడం కష్టం.

ఆ మంత్రానికి నియమాలు కూడా గట్టివే. కోడలు నోరు తెరిచి అడగందే ఇవ్వకూడదు. అడిగితే లేదనకూడదు. చేయి పట్టుకుని, చెవిలో, మూడుసార్లు చెప్పాలి. కాగితం మీద పెట్టకూడదు, బయటివాళ్ల చెవిన వేయకూడదు. ఒకసారి ఇచ్చాక దాని ఊసు అత్తాకోడళ్ల మధ్య మళ్లీ రాకూడదు. అడగందే అమ్మైనా పెట్టదంటారు, ఇక్కడ అత్తా అంతే.

మొదటి వాక్యం మాత్రం మీకు చెప్తాను, ఎందుకంటే అది లేకపోతే కథ నడవదు. “తల్లీ, నా ఊపిరిలో కూర్చున్న తల్లీ.” అంతే. మిగిలిన మూడూ చెప్పను. మీరు అడిగినా చెప్పను. నేను మీకు అత్తను కాను.

ఈ కథలో అత్త వృత్తి ఇస్త్రీ. ఒక పెద్ద హోటలు అడుగున, నేల కింద లాండ్రీ ఉంది. పైన అతిథులు లిఫ్టుల్లో తిరుగుతుంటే కింద వాళ్ల బట్టలు తిరుగుతుంటాయి. కిటికీలు లేవు, ఆవిరి గొట్టాలున్నాయి. అక్కడ చొక్కాల బల్ల దగ్గర ఆమె ముప్పై ఒక్క ఏళ్లు నిలబడింది. లాండ్రీలో చిన్నా పెద్దా అందరికీ ఆమె పెద్దమ్మే. వయసులో ఆమె కంటే పెద్దవాడైన బాయిలరు మనిషి కూడా పెద్దమ్మా అనే పిలిచేవాడు, ఆమె కూడా ఏం బాబూ అని పలికేది.

ఆమె ఆ బల్ల దగ్గరికి ఇరవయ్యో ఏట, పెళ్లయిన రెండో నెలలో వచ్చింది. అప్పటికి ఆ బల్లకు పెద్ద ఆమె అత్తగారే. ఆ అత్తగారు నిప్పులాంటి మనిషి. ఆవిడ నవ్వగా చూశామని చెప్పినవాళ్లు లాండ్రీలో ఇద్దరే ఉండేవాళ్లు, ఆ ఇద్దరి మాటా ఎవరూ నమ్మేవాళ్లు కాదు. కొత్త కోడలు మొదటి వారమే ఒక తెల్ల చొక్కా వీపు మీద ఇస్త్రీపెట్టె మరిచిపోయింది. పెట్టె ఆకారం పెట్టెలాగే దిగింది. దాన్ని లాగబోయి మణికట్టు కాల్చుకుంది. అత్తగారు పరుగున వచ్చి అడిగిన మొదటి మాట, “ఇంకో చొక్కాకి అంటలేదు కదా?”

కోడలు గొట్టాల వెనక నిలబడి కరువుతీరా ఏడ్చి, తిరిగి వచ్చి, ముక్కు తుడుచుకుంటూ అడిగింది. “మీకు ఇంత నిబ్బరం ఎక్కడిది అత్తయ్యా? నాకూ కాస్త చెప్పకూడదూ?”

అడగనే అడిగింది, ఇక లేదనడానికి లేదు. అత్తగారు ఆమె చేతిని ఇస్త్రీపెట్టె పిడి మీద పెట్టి, దాని మీద తన చేయి వేసింది. బల్ల మీద ఒక చొక్కా పరిచింది. కాలరు మీద పెట్టె నడుస్తుంటే మొదటి వాక్యం చెవిలో చెప్పింది. చేతుల మీద రెండోది. ముందు భాగాల మీద, గుండీల చుట్టూ తిప్పుతూ మూడోది. వీపు మీద పొడుగ్గా నాలుగోది. చొక్కా అయ్యేసరికి మంత్రమూ అయింది. అలా మూడు చొక్కాలు, మూడుసార్లు. తరవాత చేయి తీసేసి, “ఊఁ, తడి ఆరిపోతోంది, కానియ్” అని తన పని మీదికి వెళ్లిపోయింది.

అప్పటి నుంచి పెద్దమ్మ ఏ చొక్కానూ మంత్రం లేకుండా దింపలేదు. పైన గదుల్లో ఎంతమంది పెద్దమనుషులు వీపున ఆ నాలుగో వాక్యం మోసుకుని తిరిగారో వాళ్లకు తెలియదు. మంత్రం వల్ల ఆమెకు కొమ్ములేమీ మొలవలేదు. జీతం పెరగలేదు, మోకాళ్లు నొప్పెట్టడం మానలేదు. కాని మనసు మాత్రం చేతి కింది గుడ్డలా సర్దుకునేది. భర్త పోయిన పదహారో రోజున బల్ల దగ్గరికి వచ్చి, మూడో చొక్కా దగ్గర ఏడుపు మొదలుపెట్టి, ఏడో చొక్కా దగ్గర ఆపింది. ఆ చొక్కాలను కన్నీళ్లే తడిపాయి, వేరే నీళ్లు చిలకరించే పని లేకపోయిందని పక్క బల్ల ఆవిడ తరవాత వేళాకోళం చేస్తే, పెద్దమ్మే ముందు నవ్వింది.

అత్తగారి తరవాత బల్ల పెద్దరికం ఈమెకు వచ్చింది. అత్తగారి కోపం మాత్రం రాలేదు. పనిలోకి కొత్తగా వచ్చే ప్రతి అమ్మాయీ మొదటి వారంలో చేయి కాల్చుకుంటుంది. అది తప్పదు. పెద్దమ్మ ఆ చేయి కుళాయి కింద పెట్టించి, గట్టిగా పట్టుకుని, ఒకే మాట చెప్పేది. “ఏం కాలేదు. ఊదుకో. మళ్లీ పట్టుకో.” ఏళ్ల తరబడి అదే మాట, అదే వరస. అమ్మాయిలు ఆమె వెనక ఆ గొంతు అనుకరిస్తూ నవ్వుకునేవాళ్లు. నవ్వుకున్నా సరే, ఇస్త్రీపెట్టె మాత్రం మళ్లీ పట్టుకునేవాళ్లు.

ఇక మోకాలు. అది అరిగి అరిగి చివరికి ఒకరోజు ససేమిరా అంది. డాక్టరు నిలబడే పని మానమన్నాడు. కొడుకు సామాన్లు చేరవేసే వ్యాను నడుపుతాడు, మాట తక్కువ మనిషి. అతను ఆ సాయంత్రమే ఇంట్లో ఉన్న ఇస్త్రీపెట్టెను అటకెక్కించేశాడు. “చాలమ్మా, ఇంక కూర్చో,” అన్నాడు. ఇంట్లో ఇస్త్రీ కావలసిన గుడ్డ కూడా ఏమంత లేదు. కొడుకువి టీషర్టులు, కోడలిది ముడతపడని యూనిఫాం. పెద్దమ్మ కూర్చుంది.

కూర్చుని, కళ్లు మూసుకుని, హాయిగా మంత్రం అనుకుందామనుకుంది. మొదటి వాక్యం వచ్చింది. రెండో వాక్యం బదులు పొయ్యి మీది పాలు గుర్తొచ్చాయి. మర్నాడూ అంతే, పాల బదులు కరెంటు బిల్లు. అలసట కాబోలు, రేపు వస్తుందిలే అని సరిపెట్టుకుంది. రోజులు వారాలయ్యాయి, రెండు నెలలయ్యాయి, రెండో వాక్యం రాలేదు. ఈ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు. ముప్పై ఒక్క ఏళ్ల మంత్రం మరిచిపోయానని ఏ ముఖంతో చెప్పుకుంటుంది?

సరిగ్గా అప్పుడే కోడలికి అవసరం పడింది.

అంబులెన్సు కోసం జనం ఫోన్ చేస్తే ఎత్తే చోట కోడలి ఉద్యోగం. పెద్ద హాలు, వరసకు ఆరు కుర్చీలు, ప్రతి కుర్చీ ముందు రెండు తెరలు, చెవులకు హెడ్‌సెట్. అవతల మనిషి కేకలు పెడుతుంటాడు. అతని చేత ఇల్లెక్కడో చెప్పించాలి, బండి పంపాలి, బండి చేరేదాకా చేయాల్సినవి అతని చేతే చేయించాలి. బండి చేరగానే లైను తెగిపోతుంది. ఆ తరవాత లోపలి మనిషి బతికాడో లేదో ఈ కుర్చీకి ఎవరూ చెప్పరు. మరుక్షణం ఇంకో ఫోను.

నాలుగేళ్లు ఆ పని ఎంతో ఇష్టంగా చేసింది. ఇంటికి వచ్చి కథలు కథలుగా చెప్పేది. ఈ మధ్య చెప్పడం మానేసింది. గుమ్మం దగ్గర గంట మోగితే చేతిలో చెంచా జారిపోతోంది. రెండు ముద్దలు తిని పళ్లెం పక్కకు జరుపుతోంది. తెల్లవారి లేస్తే కళ్ల కింద చారలు. డాక్టరు వారం సెలవు పెట్టించి, నడవమనీ ధ్యానం చేయమనీ చెప్పాడు. రాజీనామా కాగితం టైపు చేయించి చేతిసంచీలో పెట్టుకుంది. ఆ మాట అత్తగారొక్కరికే చెప్పింది.

“నెలాఖరుకి ఇచ్చేస్తాను అత్తయ్యా. నావల్ల కావట్లేదు.”

పెద్దమ్మకు సంగతి అర్థమైంది. ఇష్టపడి మానుకునే పని వేరు, భయపడి వదిలేసే పని వేరు. ఇది రెండో రకం. ఆ కాగితం ఇచ్చేస్తే పిల్లకు ఉద్యోగమే కాదు, తన మీద తనకున్న నమ్మకం కూడా పోతుంది. మంత్రం ఇవ్వాలని నాలుక చివరిదాకా వచ్చింది. కాని అడగలేదు కదా. అడిగినా, దగ్గర ఉంటే కదా.

ముందు ధ్యానం సంగతి చూద్దామని అత్తాకోడళ్లిద్దరూ కలిసే వెళ్లారు. చెప్పుల దుకాణం మీద మేడ, ఆడవాళ్లకు మాత్రమే. పద్నాలుగు మంది చాపల మీద కూర్చున్నారు, మోకాలి పుణ్యమా అని పెద్దమ్మకు కుర్చీ వేశారు. నేర్పే ఆవిడ తెల్ల అంగీ వేసుకుని, మెత్తటి గొంతుతో చెప్పింది. “దేవి ఎక్కడో లేదమ్మా. మీ అందరిలోనూ ఒక తల్లి ఉంది. పిల్లల్ని కనకపోయినా ఉంది. ఊపిరి లోపలికి వెళ్లేటప్పుడు ఆమెను పిలవండి, బయటికి వచ్చేటప్పుడు మీ బరువు ఆమెకు ఇచ్చేయండి.”

మాట బాగుంది, గొంతు బాగుంది. పెద్దమ్మ కళ్లు మూసుకోబోయింది. సరిగ్గా అప్పుడే ఆవిడ అటు తిరిగింది. అంగీ వీపు మీద, కుడి భుజం నుంచి నడుము దాకా అడ్డంగా ఒక ముడత. తడి ఆరకుండా మడతపెడితే పడే ముడత అది. ఇక పెద్దమ్మ కళ్లు మూతపడితే ఒట్టు. లోపలి తల్లిని పిలుద్దామంటే ఆ ముడతే పలుకుతోంది.

కోడలి కథ ఇంకోటి. అంతా నిశ్శబ్దంగా ఉన్న వేళ ఎవరి సంచీలోనో ఫోను మోగింది. కోడలు కళ్లు మూసుకునే ఉంది, వెన్ను మాత్రం నిటారుగా అయింది. “చెప్పండి, ఎక్కడి నుంచి మాట్లాడుతున్నారు? మనిషికి స్పృహ ఉందా?” అని గట్టిగా, స్పష్టంగా అడిగింది. పద్నాలుగు మందీ కళ్లు తెరిచారు. ఒకావిడ కంగారులో నిజంగానే తన చిరునామా చెప్పేసింది. కోడలు లేచి మెట్లు దిగి వెళ్లిపోయింది. పెద్దమ్మ కుంటుకుంటూ వెనకే వెళ్లింది.

ఇద్దరూ బస్సెక్కారు. కోడలు కిటికీలోంచి బయటికి చూస్తూనే అడిగింది.

“మామయ్యగారు పోయినప్పుడు కూడా మీరు చెక్కుచెదరలేదని మీ అబ్బాయి చెప్పారు. అదేంటో నాకూ చెప్పరూ అత్తయ్యా?”

అడిగింది. బస్సు నిండా జనం ఉన్నారు కాబట్టి సరిపోయింది, లేకపోతే పెద్దమ్మ ముఖంలో రంగు మారడం కోడలు కనిపెట్టేదే.

“ఇంటికి వెళ్లాక చెప్తాను,” అంది. దారి పొడుగునా మొదటి వాక్యం వెంట రెండోదాన్ని ఈడ్చుకు రావాలని చూసింది. అది రాలేదు.

ఇంటికి చేరేసరికి సాయంత్రం ఐదైంది. వంటింటి బల్ల దగ్గర కూర్చుని, ఇది అత్తలు కోడళ్లకిచ్చే మంత్రమనీ బయటివాళ్లకు చెప్పకూడదనీ చెప్పి, కోడలి చేయి పట్టుకుంది, చెవి దగ్గర నోరు పెట్టింది. “తల్లీ, నా ఊపిరిలో కూర్చున్న తల్లీ.” ఆ తరవాత ఏమీ లేదు. పట్టుకున్న చేయి వణుకుతోంది. వణికే ఆడపిల్ల చేయి చేతిలో ఉంటే పెద్దమ్మ నోటికి ఏళ్ల తరబడి ఏ మాట వచ్చేదో ఆ మాటే వచ్చింది.

“ఏం కాలేదు. ఊదుకో. మళ్లీ పట్టుకో.”

అన్నాక నాలుక కరుచుకుంది. కాని కోడలు కళ్లు మూసుకుని, ఆ నాలుగు ముక్కలూ పెదవులతో తిప్పి తిప్పి అనుకుంటోంది. మొదటిసారంటే నోరు జారింది. రెండోసారీ మూడోసారీ మాత్రం పెద్దమ్మ తెలిసే చెప్పింది. మంత్రమన్నాక మూడుసార్లూ ఒకటే ఉండాలి కదా మరి! కోడలు లేచి, అత్తగారికి చేతులు జోడించి దండం పెట్టింది. దాంతో పెద్దమ్మ పరిస్థితి దొంగకు తేలు కుట్టినట్టయింది. అరవడానికి లేదు, ఊరుకోవడానికి లేదు.

మూడు రోజులకు కోడలు అన్నం పూర్తిగా తింది. వారానికి గుమ్మం గంట మోగితే లేచి వెళ్లి తలుపు తీసింది. సెలవు అయిపోయి పనిలో చేరింది. ఇంటికి వచ్చి, చెప్పులు విప్పుతూనే మళ్లీ కథలు మొదలుపెట్టింది. కొడుకు ఒక పూట తల్లి చెవిలో, “ఏం మాయ చేశావమ్మా?” అన్నాడు.

“నేనేం చేశాను? నాకేం తెలుసు?” అని కసురుకుంది పెద్దమ్మ. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు.

కోడలు బాగుపడే కొద్దీ అత్తగారికి నిద్ర తగ్గింది. నిజం చెప్తే, నిలబడుతున్న పిల్ల మళ్లీ కూలబడుతుందేమో. చెప్పకపోతే, ఎన్ని తరాల అత్తలు ఒకరి చెవిలోంచి ఒకరు దాటించుకుంటూ వచ్చిన తల్లి తన దగ్గరే ఆగిపోతుంది. పైగా ఆ తల్లి ఇప్పుడు తన దగ్గర కూడా లేదు. ఇంత పెద్ద మనిషై ఉండి, ఇంటి మంత్రం స్థానంలో లాండ్రీ మాటలు కూరింది. గుర్తుంచుకోలేనిదానివి చేయి ఎందుకు పట్టుకున్నావే అని పోయిన అత్తగారు గట్టిగా అడిగినట్టే ఉండేది.

ఒక మధ్యాహ్నం ఉండబట్టలేక ఒక్కతే ఆ చెప్పుల దుకాణం మేడ ఎక్కింది. క్లాసు లేదు. నేర్పే ఆవిడ చాపలు చుడుతోంది. అదే అంగీ కాదు గాని, వీపున ముడత అదే.

“మంత్రం మరిచిపోతే ఏమవుతుందండీ?” అని అడిగింది పెద్దమ్మ, కూర్చోకుండానే.

“ఏం మంత్రమండీ?”

“అది చెప్పకూడదు.”

ఆవిడ నవ్వి చాప కింద పెట్టింది. “సరే, చెప్పొద్దు. ఎక్కడ నేర్చుకున్నారు? కూర్చునా?”

“కూర్చునా! ఇస్త్రీ బల్ల దగ్గర. నిలబడి. చేతిలో పెట్టెతో.”

“మరి కుర్చీలో వెతికితే ఎలా దొరుకుతుంది? పారేసుకున్న చోట వెతకాలి గాని.”

పెద్దమ్మ నుదురు కొట్టుకుంది. ఇంత చిన్న సంగతి తనకు తట్టనందుకు తన మీద తనకే కోపం వచ్చింది. కోపంలో ధైర్యం కూడా వస్తుంది కాబట్టి అడిగేసింది. “మీ దగ్గర ఇస్త్రీపెట్టె ఉందా? ఏమీ అనుకోకండి, మొదటి రోజు నుంచీ మీ వీపు నన్ను చంపుకు తింటోంది.”

ఉంది. పక్క గదిలో, ఎవరో బహుమతిగా ఇచ్చింది, అట్టపెట్టె కూడా విప్పలేదు. “నాకు ఇస్త్రీ చేతకాదండీ,” అని ఆవిడ సిగ్గుపడుతూ ఇంకో అంగీ తెచ్చింది, దాని వీపునా అదే ముడత. పెద్దమ్మ బల్ల మీద దుప్పటి పరిచింది, నీళ్లు చిలకరించింది, వేడి చూసుకుంది. ఆ అంగీకి కాలరు లేదు. మొదటి వాక్యం ఎలాగూ గుర్తే కాబట్టి నష్టం లేదు. ఎడమ చేతి మీద పెట్టె ఆనించి, భుజం నుంచి మణికట్టు దాకా తోసింది.

రెండో వాక్యం వచ్చింది. నిన్నటిదాకా ఎక్కడికో వెళ్లి ఇప్పుడే పని అయిపోయి వచ్చినంత మామూలుగా వచ్చింది. ముందు భాగంలో మూడోది. వీపు మీద, ఆ మొండి ముడత మీదుగా, నాలుగోది. పెద్దమ్మ పెట్టె నిలబెట్టి, అంగీని గుండెకు హత్తుకుని, ఆనందం పట్టలేక బొటబొటా ఏడ్చింది. నేర్పే ఆవిడ ఏమైందని అడగలేదు, ఏమన్నారని కూడా అడగలేదు. మంచినీళ్లు తెచ్చి పక్కన పెట్టింది. ఆవిడలో తల్లి ఉందన్న మాట పెద్దమ్మ ఆ రోజు నమ్మింది.

తరవాతి శనివారం కోడలికి సెలవు. కొడుకు వ్యాను తీయబోతుంటే పెద్దమ్మ ఆపి, అటక మీది ఇస్త్రీపెట్టె దింపమంది.

“ఎందుకమ్మా?”

“దింపమన్నాను, ఎందుకని అడగమనలేదు.”

అతను దింపి, దుమ్ము కూడా తుడిచి, మాట్లాడకుండా వెళ్లిపోయాడు. పెద్దమ్మ వంటింటి బల్ల మీద దుప్పటి పరిచింది, మోకాలి కోసం ఎత్తు స్టూలు లాక్కుంది, కొడుక్కి ఉన్న ఒకే ఒక తెల్ల చొక్కా తడిపి పరిచింది. కోడలిని పిలిచి ఎదురుగా నిలబెట్టింది. దీని ఊసు ఎత్తకూడదన్న నియమం ఉంది. ఒక నియమం చెడిపోయాక రెండోదాన్ని పట్టుకుని వేలాడటం దండగ అనుకుంది.

“అమ్మాయ్, నీకు ఇచ్చింది మంత్రం కాదు. మొదటి వాక్యం ఒక్కటే నిజం. మిగతాది నేను మరిచిపోయాను. చేతులు కాల్చుకున్న పిల్లలకు లాండ్రీలో చెప్పే మాట నీకు అంటగట్టాను. నన్ను తిట్టు.”

కోడలు తిట్టలేదు. కుర్చీ లాక్కుని కూర్చుంది. ముఖం చూస్తే ఏమనుకుంటోందో అంతుపట్టలేదు.  పిల్ల ఇప్పుడు వణకడం మొదలుపెడుతుందా అని పెద్దమ్మ ఆమె చేతుల వైపే చూస్తోంది.

“అత్తయ్యా,” అంది కోడలు. “నేను కూడా ఒక తప్పు చేశాను.”

“నువ్వేం చేశావు?”

“బయటివాళ్లకు చెప్పకూడదన్నారు కదా. చెప్పేశాను. ఒక ముసలాయన ఫోన్ చేశాడు. భార్య స్నానాల గదిలో పడిపోయింది, నోరు నీళ్ల వైపు ఉంది. తల ఎత్తి పట్టుకోవాలి. ఆయన చేతులు వణికి వదిలేస్తున్నాడు, ఏడుస్తున్నాడు. నా నోటికి అదే వచ్చింది. ఏం కాలేదు బాబాయిగారూ, ఊదండి, మళ్లీ పట్టుకోండి. ఫూమని ఊపిరి వదలడం వినిపించింది. ఆయన పట్టుకున్నాడు. బండి వచ్చేదాకా వదల్లేదు.”

“ఆవిడ…”

“తెలియదు. మాకు చెప్పరు కదా. కానీ ఆయన పట్టుకున్నాడు. ఆ రోజు ఇంటికి వచ్చి నేను నిద్రపోయాను.”

పెద్దమ్మ కళ్లు తుడుచుకుంది. “ఒక్కరికే కదా చెప్పింది. పోనీలే.”

“ఒక్కరికి కాదు.” కోడలు గొంతు ఇంకా తగ్గింది. “రోజూ చెప్తున్నాను. పక్క కుర్చీ అమ్మాయి విని తనూ చెప్తోంది. ఇప్పుడు మా వరసలో ఆరుగురం అదే అంటున్నాం. మా సూపర్‌వైజరు… అత్తయ్యా, బోర్డు మీద రాయించాడు.”

“రాయించాడా!”

“పెద్ద అక్షరాలతో. మొదటి వాక్యం కాదు లెండి, అది నేను ఎవరికీ చెప్పలేదు. మిగతా మూడూ.”

పెద్దమ్మ ముందు నోరు వెళ్లబెట్టింది. తరవాత ఆ హాలు, ఆ బోర్డు, దాని మీద తన లాండ్రీ మాట కళ్ల ముందు కదిలాయి. తన వెనక గొంతు అనుకరించి నవ్వుకున్న అమ్మాయిలు గుర్తొచ్చారు. కడుపులోంచి నవ్వు తన్నుకొచ్చింది. కోడలు కూడా అందుకుంది. స్టూలు మీద ఒకరు, కుర్చీలో ఒకరు, పొట్టలు పట్టుకుని నవ్వారు. తిలా పాపం తలా పిడికెడు అన్నారు, పంచుకుంటే తేలికే మరి.

“ఆ కాగితం ఏం చేశావు?” అని అడిగింది పెద్దమ్మ, నవ్వు మధ్యలో గుర్తొచ్చి.

“రాజీనామానా? పోయిన వారం దాని వెనక సరుకుల జాబితా రాశాను. కొట్లోనే వదిలేసి వచ్చాను.”

అప్పుడు కోడలు లేచి వచ్చి, తనంతట తనే చేయి చాపింది. “ఇప్పుడు అసలుది అడుగుతున్నాను. ఇస్తారా?”

పెద్దమ్మ ఆ చేతిని ఇస్త్రీపెట్టె పిడి మీద పెట్టి, పైన తన చేయి వేసింది. కాలరు మీద మొదటి వాక్యం. చేతుల మీద రెండోది. మూడోది, నాలుగోది. కోడలు ఇస్త్రీ చూస్తే నలుగురు నవ్వుతారు, ఒక ముడత తీస్తే రెండు పడుతున్నాయి. అయినా పెద్దమ్మ ఏమీ అనలేదు. ఒక్క చొక్కానే మూడుసార్లు తడిపి, మూడుసార్లు చేయించి, మంత్రం మూడుసార్లు పూర్తిచేసింది. ఇక తన దగ్గర ఆగిపోలేదు, దాటిపోయింది. పైన ఎక్కడున్నారో గాని అత్తగారు ఇప్పుడు తిట్టరు అనుకుంది.

ఆ తేలికలో చేయి పక్కకు తీసింది, ఎటు తీస్తున్నానో చూసుకోలేదు. పెట్టె అంచు మణికట్టుకు చురుక్కుమని తగిలింది. అరవలేదు, అలవాటే. ఆ మణికట్టు మీద పాత మచ్చలు ఏడెనిమిది ఉన్నాయి, ఇంకోటి చేరుతుంది, అంతే.

కాని కోడలు పెట్టె నిలబెట్టి, అత్తగారి చేయి పట్టుకుని, కుళాయి దగ్గరికి నడిపించింది. చల్లటి నీళ్ల కింద పెట్టి, గట్టిగా పట్టుకుని, ఫోనులో మాట్లాడే ఆ నిదానపు గొంతుతో అంది. “ఏం కాలేదు అత్తయ్యా. ఊదుకోండి. మళ్లీ పట్టుకోండి.”

పెద్దమ్మ కోడలి ముఖంలోకి చూసింది. ఈ మాట ఎంతమంది పిల్లలకు చెప్పిందో ఆమెకు గుర్తులేదు. తనకు ఎవరైనా చెప్పారా అని వెతుక్కుంది. గొట్టాల వెనక ఏడ్చిన ఇరవై ఏళ్ల పిల్ల దాకా వెళ్లి వెతుక్కుంది. ఎవరూ చెప్పలేదు. కుళాయి కింద చేయి అలాగే ఉంచి, తల వంచి, చెవి కోడలి వైపు తిప్పింది.

“ఇంకో రెండుసార్లు చెప్పు అమ్మాయ్,” అంది. “మూడుసార్లు చెప్పాలి కదా. నేను అడుగుతున్నాను.”